నీళ్లు వదిలిన సమయం

2018 ఎండాకాలం. దమ్మపేట దగ్గర ఒక సర్కారు దవాఖానాలో నేను స్టాఫ్ నర్సుని, అందరూ 'సారూ' అని పిలిచే మగ నర్సుని. రిటైర్‌మెంట్‌కు ఇంకా ఏడాది ఉంది. పామాయిల్ రైతు నర్సయ్య, అరవై దాటిన మనిషి, భార్య సుగుణమ్మతో వచ్చాడు. డాక్టరమ్మ ముందు కూర్చుని "నిద్ర పడ్తలేదు మేడం" అని మాత్రమే చెప్పాడు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడని, ఒక్కోసారి బయట చాలాసేపు నిలబడుతున్నాడని సుగుణమ్మే చెప్పింది.

"ప్రోస్టేట్ కావచ్చు" అన్నారు డాక్టరమ్మ. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి అది. వయసుతో పాటు చాలామంది మగవాళ్లలో పెరిగి నాళాన్ని నొక్కుతుంది.

నర్సయ్య ముఖం మాడిపోయింది. "క్యాన్సరా మేడం?"

"పెరిగిన ప్రతిదీ క్యాన్సర్ కాదు. పరీక్షలు చేస్తే తెలుస్తుంది."

ఖమ్మంలో స్కానింగ్, పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష చేయించుకోమని రాశారు. మూడు రోజుల బ్లాడర్ డైరీ కూడా తెమ్మన్నారు. ఎప్పుడు ఏం తాగాడో, ఎప్పుడు మూత్రానికి వెళ్లాడో రాసే కాగితం అది. గళ్లు గీసింది నేనే. ఆడవాళ్ల ఎదుట ఆ మాట రాయడం బాగుండదనిపించి, గడి మీద 'నీళ్లు వదిలిన సమయం' అని మర్యాదగా రాశాను.

నాలుగో రోజు ఆ కాగితం చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీశారు.

"పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా... ఆగకుండానా?"

"అవ్ మేడం. ఈ ఎండలకు గంత సేపు వదలకపోతే తోట ఆగుతదా?"

సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నే చెప్పిన, గిది మోటర్ లెక్క కాదేమోనని. ఇంటడా ఈయన?"

ఆయన రాసుకొచ్చింది తోటకు మోటర్‌తో నీళ్లు పెట్టిన లెక్క. తప్పు నాదేనని అర్థమైంది. ఇక దాచకుండా అడిగాను. "నర్సయ్యన్నా, ఉచ్చకు ఎన్నిసార్లు పోతున్నవ్?"

"గట్ల అడుగు మరి సారూ!" అని పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుతో సిగ్గు కూడా పోయింది. "రెండు రోజుల సంది చుక్క చుక్కే వస్తుంది. జలుబు చేస్తే మెడికల్ షాపుల గోలీలు తెచ్చుకున్న. అప్పటిసంది గిట్లే."

డాక్టరమ్మ వెంటనే ఆ గోలీలు మాన్పించారు. కొన్ని జలుబు మందులు ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు మూత్రాన్ని పూర్తిగా బంద్ చేయగలవు. ఇంకో రెండు రోజులు వేసుకుని ఉంటే ఆయన మూత్రం తీయడానికి పైపు వేయించుకోవడానికే వచ్చేవాడు. పగలు నీళ్లు సరిగా తాగమని, చీకటి పడ్డాక టీ మానమని, మూత్రం ఆగినా, రక్తం కనిపించినా పరుగున రమ్మని చెప్పారు.

వారానికి ఖమ్మం రిపోర్టులు వచ్చాయి. గ్రంథి పెరిగింది, క్యాన్సర్ అనుమానం లేదు. రోజుకో మాత్ర రాశారు. నెల తర్వాత సుగుణమ్మ చెప్పింది: "ఇప్పుడు ఒక్కసారే లేస్తుండు సారూ. నాక్కూడా నిద్ర పడ్తుంది."

సిగ్గు రోగులకే ఉంటుందని అన్నేళ్లు అనుకున్నాను. నా పెన్నుకీ ఉందని ఆ కాగితం చూశాకే తెలిసింది. మిగిలిన ఏడాది అలాంటి ప్రతి కాగితం మీదా 'ఉచ్చ' అనే రాశాను. చదివి చాలామంది నవ్వారు. ఒక్కరూ తప్పు రాసుకురాలేదు.