టాలరెంట్, టాలరబుల్

తొంభైల్లో అశోక్‌నగర్‌కు బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు వెళ్లేదాన్ని. అప్పుడు చదివినవన్నీ మరిచిపోయాను, పరీక్షలో రాని ఒక్క ప్రశ్న తప్ప.

ఆ రోజు కోఠిలో బస్సెక్కి టాలరెంట్, టాలరబుల్ అని వల్లె వేస్తున్నాను. పక్క సీటామె, పెద్దలు నచ్చజెప్తే కోఠిలోని పుట్టింటి నుంచి రాంనగర్‌లో భర్త దగ్గరికి తిరిగి పోతున్నానని అప్పటికే చెప్పింది.

"రెండూ ఒకటే కాదా చెల్లె?"

"కాదక్కా. ఓర్చుకునే మనిషి టాలరెంట్. ఓర్చుకోగలిగే కష్టం టాలరబుల్."

నారాయణగూడ దాటాక ఆమె నా వైపు తిరిగింది.

"మావోళ్లు నా ఓర్పే చూస్తున్నరు. కష్టం ఎట్లుందని ఒక్కరన్నా అడగలే" అంది.

అశోక్‌నగర్‌కు దగ్గరి స్టాపు చిక్కడపల్లిలో నాతోపాటే దిగింది.

"టికెట్ రాంనగర్ దాకా ఉంది కదక్కా?"

"ఉండనీ" అని రోడ్డు దాటి, కోఠికి తిరిగిపోయే బస్సు కోసం నిలబడింది.