మూడు లినక్స్‌లు, శుభలేఖ సైజు డైరీ

నంద్యాలలో ఒక చిన్న డీటీపీ షాపులో నేను పెళ్లికార్డులు కొడతాను. ఉదయం ఆళ్లగడ్డలో బస్సెక్కినప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే పుస్తకంలో ఇరవై పేజీలు అవుతాయి. దొరకకపోతే ఏమీ కావు. మనుషులతో మాట్లాడటం నాకు కష్టం. కస్టమరు వచ్చినా తలెత్తకుండా పేర్లు చెప్పమంటాను. పగలంతా నోట్లోనే ఉండిపోయిన మాటలన్నీ సాయంత్రం ఇంట్లో, ల్యాప్‌టాప్‌లో, డైరీలోకి వెళ్తాయి.

ఆ డైరీ ఎలా రాశానో చెబితే మా పని తెలిసినవాళ్లు నవ్వుతారు. తెలుగు టైపింగ్ నేను నేర్చుకున్నది షాపులోనే. అందుకే ఇంట్లో కూడా కార్డులు తయారుచేసే ఆ సాఫ్ట్‌వేరే తెరిచి, ఒక శుభలేఖ నమూనా తీసుకుని, పైన వినాయకుడి బొమ్మను అలాగే ఉంచి, కింద నా సంగతులు కొట్టేదాన్ని. ఫైళ్లకు ‘గడివేముల పెళ్లి’, ‘చాగలమర్రి గృహప్రవేశం’ అని పేర్లు పెట్టేదాన్ని. ఎవరైనా చూస్తే షాపు పని అనుకోవాలని. ఆరేళ్లు అలాగే రాశాను.

ల్యాప్‌టాప్ ముసలిదైంది. ఆన్ చేసి, స్నానం చేసి వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉండేది. పాత కంప్యూటర్లకు విండోస్ తీసేసి లినక్స్ వేసుకుంటే మంచిదని ఎక్కడో చదివాను. లినక్స్ ఒకటి కాదని, పదుల రకాలున్నాయని, ఎవరి రకం వాళ్లకు గొప్పదని తర్వాత తెలిసింది. బొమ్మల్లో ఊదారంగు తెర ఉన్నది అందంగా కనిపించింది. నా ఎంపికకు ఉన్న కారణం అంతే. డైరీ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. తెలివైన పని చేశాననుకుని, డిస్కంతా చెరపమన్న బటన్ నొక్కాను.

ఊదాది వేగంగా తెరుచుకుంది. కానీ దానికి నా వైఫై కనిపించలేదు. ఫోన్‌ను వైరుతో తగిలించి నెట్ తెచ్చుకున్నాను. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి ‘గడివేముల పెళ్లి’ తెరిచాను. వినాయకుడు వచ్చాడు. ఆయన కింద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, కొక్కేలూ, చుక్కలూ కలిసిన గజిబిజి. ఇంకో ఫైలు, మరో ఫైలు. అన్నీ అంతే.

ఎందుకో నాకు తెలుసు. తెలిసీ మర్చిపోయాను. షాపు ఫాంటుతో కొట్టినది ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేరు ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగుగా కనిపిస్తుంది. నా దగ్గరున్న ఆ రెండింటినీ నేనే చెరిపేశాను. షాపులో అవి ఉన్నాయి. కానీ అక్కడి తెరలన్నీ కస్టమర్ల వైపు సగం తిరిగి ఉంటాయి. నా ఆరేళ్లను అక్కడ ఎలా తెరుస్తాను?

లినక్స్ వాళ్లు ప్రశ్నలడిగే ఒక ఫోరమ్‌లో ఖాతా తెరిచాను. ప్రశ్న రాశాను, చెరిపాను, మళ్లీ రాశాను. ఏమి ఫైళ్లని అడుగుతారు. పెళ్లికార్డులంటే నవ్వుతారు, డైరీ అంటే ఇంకా నవ్వుతారు. ఆ పేజీ మూసి, వేరేవాళ్లు అడిగిన వాటిలో నా జవాబు వెతుక్కున్నాను. ఏ ప్రశ్న చూసినా కింద ఒకరు తప్పకుండా అనేవారు, అది తీసేసి ఇంకో రకం వేసుకోమని. అడగడం కంటే మార్చడం సులువనిపించింది.

రెండోది ఆకుపచ్చది. దించుకోవడానికి ఫోన్‌లో రెండు రోజుల డేటా పోయింది. దీనికి వైఫై దొరికింది. డైరీ మాత్రం మళ్లీ గజిబిజే. సరే, కొత్తగానైనా రాసుకుందామని తెలుగు కీబోర్డు పెట్టుకున్నాను. ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే వరసలు అందులో రెండే ఉన్నాయి, షాపు వరస లేదు. ‘అమ్మ’ అని కొడితే ఏవేవో అక్షరాలు పడ్డాయి. ఆరేళ్లుగా చూడకుండా కొట్టిన వేళ్లు ఒక్కో అక్షరం కోసం కీబోర్డంతా తడుముకున్నాయి. ఆ రోజు రాసింది ఒకే వాక్యం. అది కూడా విసుగు గురించే.

మూడో రకం ఎక్కించడానికి ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చుతుంటే అమ్మ చిక్కుడుకాయల చాటతో వచ్చి పక్కన కూర్చుంది.

“ఆ పచ్చకొండల బొమ్మ యాడికి పాయనే?”

“మారుస్తాండా మా.”

“బాగనే ఉండె గదా.”

“వైఫై బాగనే ఉండె. రాసేకి రాల్య.”

అమ్మ ఒక కాయ తుంచి, ఈనె తీసి పారేసింది. “చీరలంగట్లో వాడు మొదట పరిచిందే కట్టిచ్చుకోని వస్తావు. ఇంకోటి సూపియ్యమని నోరు రాదు. ఈ డబ్బాతో మాత్రం రోజుకొకటి పరిపిస్తాండావే.”

“ఇది నన్నేం అనదు గదమా.”

“నేనంటాండా గదా, ఇను.”

మూడోది నీలం. దాని కీబోర్డు జాబితా చాలా పొడుగు. తెలుగు దగ్గరికి వస్తే ఏడెనిమిది వరసలున్నాయి. ఒక్కొక్కటీ పెట్టి చూశాను. ఐదోది పెట్టి కొడితే ‘అమ్మ’ అమ్మలాగే పడింది. ఆ ఒక్క సాయంత్రం సంతోషంగా ఉన్నాను. మర్నాడు బస్సులో ఫోరమ్ చదువుతుంటే, ఎవరో ఎప్పుడో అడిగిన ప్రశ్న కింద రెండు లైన్ల జవాబు కనిపించింది. ఆ వరసలన్నీ ఒక చిన్న ప్యాకేజీలో వస్తాయట, ఏ రకం లినక్స్‌లోనైనా వేసుకోవచ్చట. ఊదాదానిలోనే ఐదు నిమిషాల పని. ఫోన్ సంచిలో పడేసి, నంద్యాల వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చూసిందేదీ గుర్తులేదు.

ఇక ఏ రంగు వేసినా పాత డైరీ తెరుచుకోదని అప్పటికి ఒప్పుకున్నాను. షాపులోనే తెరవాలి. షాపు ఓనరును అందరిలాగే నేనూ అన్నా అంటాను. ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తాడు. ఆ ముప్పావు గంటలో ఫైళ్లు తెరిచి, చూసి, ఇంటి ల్యాప్‌టాప్‌కు పనికొచ్చేలా మళ్లీ కొట్టుకోవాలి. రెండు రోజుల్లో నాలుగు పేజీలయ్యాయి. ఆరేళ్లవి ఎప్పటికి పూర్తవుతాయో లెక్క వేసుకుని, వేసుకోకుండా ఉంటే బాగుండేదనుకున్నాను.

మూడో రోజు అన్న తొందరగా వచ్చేశాడు. తెర మీద పైన ఫైలు పేరు, దాని కింద వినాయకుడు. మా షాపులో ఏ కార్డైనా అచ్చుకు వెళ్లేముందు ఒకరు గట్టిగా చదవాలి, ఇంకొకరు కస్టమరు రాసిచ్చిన కాగితంతో సరిచూడాలి. అన్న స్టూలు లాక్కున్నాడు.

“గడివేములోల్ల కార్డింకా పోలేదా? నేను చదువుతా, నువ్వు సూస్కో.”

నేను మౌస్ అందుకునేలోపే మొదలుపెట్టాడు. ముహూర్తాలు చదివే గొంతుతోనే, సాగదీసి: “ఈరోజు బస్సులో పక్కనామె నా పుస్తకం అట్ట చూసి, ఏం చదువుతున్నావని అడిగింది. ఏం లేదన్నాను. ఇల్లు చేరేదాకా ఆ ‘ఏం లేదు’ నన్ను కొరుకుతూనే ఉంది…”

ఆగాడు. “ముహూర్తం యాడమ్మా?”

బల్ల అవతల గోస్పాడు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కార్డుల నమూనాలు తిరగేస్తున్నాడు. “బాగుండాది గదప్పా, ఆపినావేం? చదువు,” అన్నాడు.

అన్న ఒకసారి తెరను, ఒకసారి నన్ను చూశాడు. గొంతు తగ్గించి, “నీదా?” అన్నాడు. తలూపాను. ఆయన లేచి, తెరను గోడవైపు తిప్పేశాడు.

“ఏం లేదులే పెద్దాయనా, కార్డు తప్పు పడింది. నువ్వు నీది సూసుకో,” అని, నా వైపు వంగాడు. “ఇంట్లో తెరుచుకోల్యా?”

ఉన్నది చెప్పాను. ఊదా, పచ్చ, నీలం, అన్నీ. ఆ షాపులో ఒక్కసారిగా అన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు.

“ఎన్నాళ్లు పడినావు?”

“నెలన్నర అన్నా.”

“ఆ మూల కంప్యూటర్‌లో మార్చేది ఉండాది గదా. మన ఫాంటును ఫోన్లల్లో కనబడే తెలుగు జేస్తాది. పేపరోల్లకు వార్తలు దాంట్లోనే మార్చిచ్చి పంపిస్తాండా. అడిగింటే అరగంట పని.” మూల కంప్యూటర్ ఆన్ చేస్తూ, “అయినా, వినాయకుని కింద ఇట్లాంటివి రాస్తారేమ్మా ఎవురన్నా,” అన్నాడు.

నిజంగానే అరగంట పట్టింది. ఆయన అంతసేపూ బయట నిలబడి ఫోన్ మాట్లాడాడు. మాట్లాడటానికి అంత ఉందో లేదో నాకు తెలియదు.

సాయంత్రం నీలం తెర మీద నా ఆరేళ్లూ తెలుగులో తెరుచుకున్నాయి. తెరుచుకున్నాయి కానీ, మార్పిడిలో కొన్ని ఒత్తులు రాలిపోయాయి, కొన్ని పక్క అక్షరాల కిందికి చేరాయి. ప్రతి పేజీలో పది పన్నెండు. ఈసారి ఫోరమ్‌లో ప్రశ్న రాసి, చెరిపేలోపే పంపేశాను. నా మొదటి ప్రశ్న అది. అన్నం తిని వచ్చేసరికి ఒక జవాబు ఉంది. ఇప్పుడు ఏ రకం వాడుతున్నారు, అది తీసేసి ఇంకో రకం వేసి చూడండి, అని.

అమ్మ తొంగిచూసింది. “మళ్లీ మారుస్తాండావా?”

“లేదు మా. ఇదే.”

ఫోరమ్ మూసేశాను. గడివేముల పెళ్లి తెరిచి, మొదటి పేజీ నుంచి ఒక్కొక్క ఒత్తూ చేత్తో దిద్దడం మొదలుపెట్టాను.