నురగకి తోడు

“నా పిల్ల ఆసుపత్రిలో పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతోంటే, నువ్విక్కడ తీరిగ్గా గుడ్లు కొట్టుకుంటున్నావా?”

“నీ పిల్ల ఎక్కడ ఏ గడ్డి తిందో నాకేం తెలుసమ్మా!”

“గడ్డి కాదయ్యా, నీ కేకు! మొన్న ఆ చివరింటి ముసలాయన, నిన్న మందుల షాపు అన్నదమ్ములు, ఇవాళ నా పిల్ల. అందరూ నాకింది నీ క్రీమే!”

“అయితే నేనే తింటా. చస్తే నీకు పీడ విరగడైందనుకో.”

గోల విని మేడ మీది నా గదిలోంచి మెట్లు దిగాను. బేకరీ ముందు జనం గుంపు. అరుస్తున్నది బట్టలు కుట్టే ఆవిడ. మాటకి మాట అప్పజెబుతున్నది నురగ మాస్టర్. అసలు పేరుతో ఆయన్ని పిలిచేవాళ్లు ఆ వీధిలో లేరు. కేకు మీద ఆయన వేసే తెల్లటి క్రీము బోర్లించినా జారదు, అందుకే ఆ పేరు.

మాస్టర్ చెంచాడు క్రీము తీసి గుటుక్కున మింగి చేతులు దులుపుకున్నాడు.

“నువ్వు మేకులు మింగినా అరిగించుకుంటావు. నీది కడుపా, కొలిమా?” అంది కుట్టే ఆవిడ. జనం గొల్లుమన్నారు.

ఆ నవ్వే కొంప ముంచింది. తిట్లని దులుపుకుపోయే మనిషే గానీ నవ్వుని తట్టుకోలేడు. గిర్రున వెనక్కి తిరిగాడు. కౌంటరు లోపల ఆయన అక్క స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడకి షుగరు, దాని వల్ల మూత్రపిండాల జబ్బు. తీపి ముట్టుకుని చాలా కాలమైంది.

“విషమైతే మా అక్కకి పెడతానా? చూడండి!”

“వద్దురా, ఇప్పుడే మాత్ర వేసుకున్నా” అందావిడ మెల్లగా.

“ఒక్క చెంచా అక్కా. పరువు పోతోంది.”

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. ఆయన ఎడమచేత్తో గెడ్డం పట్టుకున్నాడు. మందు తాగనని మొండికేసే పసిపిల్లకి పట్టినట్టు దవడలు నొక్కి చెంచా లోపలికి తోశాడు. ఆయన వీపు జనానికి అడ్డం, వాళ్లకి తర్వాత పైకెత్తిన ఖాళీ చెంచా ఒక్కటే కనబడింది. మెట్ల వైపు నుంచి నాకు అంతా కనబడింది. ఆవిడ చాలాసేపు మింగలేదు. నా వైపు చూసింది. అప్పుడు మింగింది.

కుట్టే ఆవిడ నోరు మూసుకుని వెళ్లిపోయింది. మాస్టర్ నన్ను చూసి కన్ను కొట్టాడు, పందెం గెలిచినవాడిలా.

ఆయన్ని పెంచింది ఆ అక్కే. అమ్మా నాన్నా పోతే, తమ్ముడికి పని నేర్పిస్తారని ఇదే బేకరీలో మాడిన ట్రేలు తోమింది. ఆ మసి గోళ్లలోంచి ఎప్పటికీ పోలేదు. తమ్ముడు మాస్టరయ్యాడు, పెళ్లి చేసుకోలేదు. భర్త పోయాక ఆవిణ్ణి తెచ్చి తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆవిడ మందులకి ఏనాడూ లోటు చెయ్యలేదు. చెడ్డవాడని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేని మనిషి.

ఇక ఆ క్రీము సంగతి. పచ్చి గుడ్డులో తెల్లసొన, పంచదార, గిలక్కొట్టడం. పొయ్యి మొహం చూడదది. ఒక ముసురు రోజు ఎంత కొట్టినా నురగ నిలబడలేదట. విసుగెత్తి నిన్నటి క్రీము ఓ గరిటెడు కలిపాడు. నిలబడింది. అంతే, అక్కణ్ణించి పాలకి తోడు పెట్టినట్టు ప్రతిరోజూ నిన్నటిది ఇవాళ్టి దాంట్లో, ఇవాళ్టిది రేపటి దాంట్లో. ఫ్రిజ్‌లో పెడితే బిగుసుకుపోతుందని ఆ గిన్నెని పొయ్యి పక్కన అరుగు మీదే ఉంచేవాడు. కడిగిన పాపాన పోలేదు. “నా చేతి రుచి మారదు” అని చెప్పుకుంటే, చెయ్యేదో గిన్నేదో ఎవడు చూశాడు?

జనం పడకేశాక ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చి గుడ్లు పట్టుకెళ్లారు. ఏమీ దొరకలేదు. ఎలా దొరుకుతుంది? చెడ్డ గుడ్డు ఎప్పుడో పగిలి ఆ గిన్నెలో కాపురం పెట్టేసింది. పని రహస్యం పరాయివాళ్ల కంటబడకూడదని ఆయన ఆ గిన్నెని పిండి బస్తాల వెనక దాచాడు.

అక్క ఆసుపత్రిలో చేరాక మళ్లీ వచ్చారు. ఈసారి గిన్నె దొరికింది. వచ్చిన అధికారి నా వయసు పిల్ల.

“ఇదెప్పుడు కడిగారు?”

“కడిగేస్తే తోడెక్కడిదమ్మా? పెరుగు గిన్నె కడుగుతారా ఎవరైనా?”

“పాలు కాచి తోడేస్తారు. మీరు గుడ్డు ఎప్పుడు కాచారు?”

“కాస్తే నురగ రాదు కదా” అన్నాడు, తెలియని పిల్లకి పాఠం చెబుతున్నట్టు.

“సాల్మొనెల్లా అని ఒక క్రిమి. ఒక్క గుడ్డుతో వచ్చి ఉంటుంది. గిన్నె కడిగి ఉంటే ఆ రోజుతో పోయేది. మీరు రోజూ కొత్త గుడ్లు మేతేసి పెంచారు.”

కుట్టే ఆవిడ పిల్ల తేరుకుంది. ముసలాయన తేరుకున్నాడు. మందుల షాపు అన్నదమ్ములు వాళ్ల మందులు వాళ్లే మింగి లేచి కూర్చున్నారు. అక్కకి మాత్రం ఆ క్రిమి రక్తంలోకి ఎక్కింది. ఉన్న కాస్త మూత్రపిండాలూ చేతులెత్తేశాయి. ఆసుపత్రి మంచం మీద దాహం దాహం అంటూ పోయింది. గుక్కెడు నీళ్లు మించి ఇవ్వొద్దన్నారు, ఇవ్వలేదు.

చెంచా నిండా తిన్న మాస్టర్‌కి మాత్రం ఒక్కసారి కడుపు కూడా నొప్పెట్టలేదు. ఎవరైనా తిడితే బాగుండునని వీధంతా తిరిగాడు. ఎవరూ తిట్టలేదు, పక్కకి తప్పుకున్నారు.

పొరుగూళ్లో పనిచేసే మేనకోడలు వచ్చింది. ఏడవలేదు. అన్నీ అయ్యాక ఒకటే అడిగింది: “మామయ్యా, అమ్మ తీపి ముట్టదు కదా. ఎందుకు తింది?” ఆయన అక్క మందుల డబ్బా సర్దడం మొదలుపెట్టాడు. ఆ పిల్లకి ఇప్పుడు మిగిలింది ఈ మామయ్య ఒక్కడే, ఈయనకి మిగిలింది ఆ పిల్ల. “పైన అద్దెకుండే అబ్బాయి అక్కడే ఉన్నాడట కదా, రేపు పొద్దున అతన్నే అడుగుతాను” అందట.

ఆ సాయంత్రం ఆయన నా గదికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

“నువ్వు చూశావని నాకు తెలుసు” అన్నాడు.

గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేశాడు.

“అక్కే అడిగి తిందని చెప్పు బాబూ. చెంచా తనే అందుకుందని చెప్పు. నవ్వుతూ తిందని చెప్పు.”