మైకు ఎంత దూరం వినాలి

నా మనవరాలిని మొండిపిల్ల అన్నారు. "వినబడుతుంది, కావాలనే పలకదు. మీ గారాబమే చెడగొట్టింది" అని కామారెడ్డిలో మాటలు నేర్పే మేడం మా కోడలి ముఖం మీదే అంది. 2012 నాటి ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడదు.

పుట్టుచెవుడు ఉన్న పిల్లకు సర్కారు ఖర్చుతో హైదరాబాదులో ఆపరేషన్ అయింది. చెవి వెనక చిన్న మిషన్. దాని మైకు పట్టిన చప్పుడును, తలకు అతుక్కునే బిళ్ళ లోపలికి పంపుతుంది. ఎల్లారెడ్డి నుంచి బస్సులో కామారెడ్డికి తీసుకుపోయేవాళ్లం. అక్కడి గదిలో మేడం పిలిస్తే పిల్ల పలికేది, చిన్న చిన్న మాటలూ అనేది. ఇంటికి రాగానే బిళ్ళ పీకి పారేసేది. మిషన్ పెట్టుకోకపోతే మాటలు నేర్చే వయసు దాటిపోతుందని ఆపరేషన్ నాడే చెప్పి పంపారు. నా భయమంతా అదే.

మధ్యాహ్నాలు మా అరుగు మీద వాడకట్టు ఆడవాళ్లు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. నేను పేపరు చదివి వినిపిస్తాను. బడి మొహం చూడని నాకు చదువు నేర్పిన బడి ఆ పేపరే. పిల్లను వాళ్ల మధ్యనే కూర్చోబెట్టేవాళ్లం. నేను గొంతెత్తే లోపే బిళ్ళ పీకేది.

"నీ సదువుడు ఇనలేకనే పీకుతున్నది బాపూ! మాకు గసొంటి బిళ్ళ లేకపాయె" అని పక్కింటామె నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నవ్వుతూ కూడా ఆమె ఆకు కత్తిరిస్తూనే ఉంది. ఆ కత్తెర పిల్ల చెవి పక్కనే కసుక్కుమంటోంది. చుట్టూ అన్నీ కత్తెర్లే. కామారెడ్డి గదిలో ఇవి ఎక్కడివి?

ఈసారి బస్సెక్కేటప్పుడు రెండు కత్తెర్లు, తడిపిన తునికాకు సంచిలో వేసుకున్నాను.

"అవన్నీ ఎందుకు మామా? నవ్వుతరు" అంది కోడలు.

"నవ్వనీ."

సంచి విప్పగానే మేడం తెల్లబోయింది. "ఇదేంటి తాతా, ఇక్కడ బీడీలు చుడతారా?"

"చుట్టం మేడం. మీరు మా ఇంటికి రారు గదా, ఇల్లే ఇక్కడికి తెచ్చిన."

కోడలూ నేనూ పిల్లకు చెరోపక్క కూర్చుని ఆకు కత్తిరించాం. "ఇగ పిలువుండ్రి" అన్నాను. మేడం పిలిచింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని బిళ్ళ పీకేసింది.

పోట్లాడటానికి తయారై వచ్చినవాణ్ణి. మేడం ఆ అవకాశమే ఇవ్వలేదు. "మైకు సెన్సిటివిటీ ఈ గదికి సరిపోయేట్టు పెట్టాను. సన్న చప్పుడు కూడా దూరం నుంచి లాక్కుంటోంది. మీ ఇల్లెట్లా ఉంటదో అడగాల్సింది" అని, మిషన్ మీది మీట మాకు చూపిస్తూ నొక్కి తగ్గించింది.

"నా మాట గూడ తగ్గుతదా?"

"దగ్గర కూర్చుంటే వినబడుతుంది. కత్తెర్లకు ఎడంగా కూర్చోబెట్టండి. ఇల్లు సద్దుమణిగాక మళ్ళీ పెంచండి."

తర్వాత కోడలి వైపు తిరిగి, "మొండిపిల్ల అన్నాను, తప్పమ్మా" అంది. తిరుగు బస్సులో ఎల్లారెడ్డి దాకా కోడలి నోరు మూతపడలేదు. ఎన్నాళ్లకో విన్నాను ఆమె ముచ్చట్లు.

మర్నాడు పిల్లను కత్తెర్లకు దూరంగా, నా ఇవతల కూర్చోబెట్టుకుని మీట తగ్గించాను. పేపరు అందుకున్నాను. బిళ్ళ ఉన్నచోటే ఉంది. చదవడం ఆపి, వంగి, అలవాటు కొద్దీ గొంతు చించుకుని పిల్లను పేరు పెట్టి పిలిచాను. అది అరచేత్తో నా నోరు మూసింది.

"ఒర్రకు తాతా. ఇనవడుతుంది."