శుక్రవారం రెండు గంటలు

దోహాలో అప్పటికి మాకు చర్చి లేదు. చమురు డబ్బుతో ఊరంతా తవ్వి పోస్తున్న రోజులవి. ఏ సందు చూసినా సిమెంటు లారీలే. మావారు ఒక కట్టడాల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. నేను ప్రసూతి వార్డులో నర్సుని. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మా ఫ్లాటు ముందుగదిలో శుక్రవారం పొద్దున ఆడవాళ్ళం పదిమందిమి కూడేవాళ్ళం. బయట ఆరాధనకు అనుమతి లేదు కాబట్టి కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం.

ఆ కూటానికి పెద్దను నేనే. ఎవరూ ఎన్నుకోలేదు కానీ అందరూ అలాగే అనుకునేవారు. మా నాన్న గుంటూరు జిల్లాలో పాస్టరు. ఏ వచనం ఎక్కడుందో నాకు నాలుక చివర ఉండేది. నేను ప్రార్థన చేస్తే "సర్వకృపానిధివైన పరలోకపు తండ్రీ" అని మొదలై, మెట్టు మెట్టుగా ఎక్కి, చక్కగా దిగేది. చివర అందరూ "ఆమెన్" అంటుంటే లోపల ఒక తీపి. దాన్ని భక్తి అనుకునేదాన్ని.

అప్పుడు ఆమె వచ్చింది.

మా వార్డులో ప్రసవించిన ఒక అరబ్బు ఇల్లాలి వెంట పనిమనిషిగా వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నా మెడలో సిలువ చూసి, "అక్కా, మీరు తెలుగోళ్ళా?" అంది. మెదక్ వైపు మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురిని తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఎనిమిది నెలలుగా ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదట. నాకు జాలి వేసింది. ఆ ఇల్లాలిని నేనే బతిమాలి ఒప్పించాను. శుక్రవారం రెండు గంటలు ఆమెను మా ఇంటికి పంపాలి, మావారు కారులో తీసుకొచ్చి, కారులోనే దింపాలి.

మొదటి వారం మర్యాదకని ఆమెనూ ప్రార్థన చేయమన్నాను. ఆమె కళ్ళు మూసుకుని, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టే మాట్లాడింది.

"నాయనా, పొద్దుగాల్ల లేశిన. మేడం కోపం చేసింది. పచ్చి బాలెంత గద, ఆమెకు నడుంనొప్పి ఉన్నది, జర సూడు. నా బిడ్డ బడికి పోతున్నదో లేదో నాకు ఈడికెల్లి కనవడదు. నువ్వు ఆడ గూడ ఉన్నవు గద, నువ్వు సూడు."

అంతే. ఆమెన్ అనడం కూడా మరిచిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే గదిలో సగం మంది కొంగులతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

నేనూ మెచ్చుకున్నాను. మూడు వారాల దాకా నిజంగానే మెచ్చుకున్నాను. ఆ తర్వాత ఒక్కొక్కరే తమ బాధలు ఆమెకు చెప్పుకోవడం మొదలుపెట్టారు. కడుపు పండనివాళ్ళు, భర్త కంపెనీలో గొడవలున్నవాళ్ళు వచ్చీరాగానే ఆమె పక్కన చోటు చూసుకునేవారు. మా అందరిలోకీ వయసులో పెద్దావిడ ఒకరోజు టీ తాగుతూ, "ఆ పిల్ల ప్రార్థిస్తే దేవుడు గదిలోకి వచ్చినట్టుంటుందమ్మా" అంది. అప్పుడు నా చేతిలో బిస్కెట్ల పళ్ళెం ఉంది. ఇన్నాళ్ళూ నేను ప్రార్థిస్తే మరి ఆయన ఎక్కడున్నట్టు? ఆ రాత్రంతా అదే మాట నమిలాను. ఆమె చదువు రాని మనిషి, బైబిల్ తలకిందులుగా పట్టుకున్నా తెలుసుకోలేదు అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు.

ఒక శుక్రవారం పొద్దున్నే ఫోను తీసి ఆ ఇల్లాలికి వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. "ఈ రోజు మాఫీ, కూటం లేదు. మేం ఊళ్ళో ఉండం. పంపొద్దు."

మావారు కారు తాళం తీసుకుంటుంటే, "ఆమెకు ఈ వారం సెలవివ్వలేదటండీ" అన్నాను. ఆయన తాళం మళ్ళీ మేకుకు తగిలించారు. అంత తేలిగ్గా అయిపోయింది.

ఆ రోజు ప్రార్థన నేనే చేశాను. ఎప్పటికంటే పొడుగ్గా చేశాను. ఒక్క కన్నూ తడవలేదు. "పాపం, ఆ పిల్ల రాలేదే" అన్నారు, అంతే.

మరుసటి వారం ఆమె వచ్చింది. అందరూ చాప మీద సర్దుకుంటుండగా అమాయకంగా అడిగింది.

"పోయిన సుక్కురారం మీరు ఊర్ల లేకుంటిరట గదక్కా? ఎటు పోయిండ్రు?"

పెద్దావిడ తల ఎత్తింది. "ఊళ్ళో లేకపోవడమేంటి? అందరం ఇక్కడే ఉన్నాంగా. నీకే సెలవు లేదని చెప్పారు!"

నా చెవులు వేడెక్కాయి. ఆమె నా మొహంలోకి చూసింది. ఒక్క క్షణమే. ఆమెకు అంతా అర్థమైందని నాకు అర్థమైంది.

"అయ్యో, నేనే తప్పు ఇన్నట్టున్న," అంది నవ్వుతూ. "మేడం గడగడ మాట్లాడ్తది. నాకు అరబ్బీ సమజ్ గాదు."

అందరూ నవ్వేశారు. నేను బతికిపోయాను. కానీ నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు కృతజ్ఞత కలగలేదు. ఇంకా మండింది. ఇందులోనూ ఆమెదే పైచేయి అయిందే అనిపించింది.

కూటం అయ్యాక టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్తే, కప్పులు కడగడానికి వెనకే వచ్చింది. నేను పొయ్యి వైపే చూస్తూ, "ఫోను చేసింది నేనే. నిన్ను రానివ్వకూడదనే చేశాను" అన్నాను.

"ఎరుకే."

"కోపం రాలేదా?"

"రాకేం? మస్తు వచ్చింది." కప్పు ఠక్కున బండ మీద పెట్టింది. "వారం మొత్తంల గా రెండు గంటలే గద నాయి. ఆ దినం స్నానం జేసి, మంచి చీర గట్టుకొని గేటు కాడ నిలవడ్డంక మేడం చెప్పింది. ఏడ్సిన."

"మరి అందరి ముందు నన్నెందుకు కాపాడావు?"

"నీ ఇజ్జత్ పోతే ఈడ ప్రార్థన బంద్ అయితది. అప్పుడు నేనేడికి పోవాలె?"

నేను ఇంకేదో గొప్ప మాట వింటాననుకున్నాను. ఆమె చెప్పింది అదే. దాంతోనే నాకు ఏడుపొచ్చింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమె నా భుజం పట్టుకోలేదు, ఓదార్చలేదు. గుడ్డ తీసుకుని పాలు తుడిచింది. తుడుస్తూ, "నువ్వు పుస్తకం ఇప్పి సదువుతుంటె నాకు గూడ కండ్లు మండుతయక్కా," అంది. "నా బిడ్డ జాబు రాస్తది. మేడం ఇంట్ల మలబారాయన డ్రైవరున్నడు, ఆయనకు తెలుగు రాదు. మీ ఇంటికి తెచ్చి ఒగలతోని సదివిచ్చుకోవాలె. నా బిడ్డ మాట ముందుగాల్ల ఇంకొకల నోట్లకెల్లి రావాలె."

ఆ జాబులు చదివి వినిపించింది ఎక్కువసార్లు నేనే. అది కూడా నేను చేసే మేళ్ళలో ఒకటిగా లెక్కవేసుకున్నాను.

మర్నాడే ముషైరిబ్ బజారుకు వెళ్ళి ఒక రూళ్ళ పుస్తకం, రెండు పెన్సిళ్ళు కొన్నాను. తర్వాతి శుక్రవారం నుంచి మావారు ఆమెను అరగంట ముందుగా తెచ్చేవారు. ఆ అరగంట కోసం ఆ ఇల్లాలిని మళ్ళీ బతిమాలాను. ఆమె చేయి పట్టి అక్షరాలు దిద్దించాను. నాకు ఓపిక తక్కువ. రెండుసార్లు విసుక్కున్నాను కూడా. ఒత్తుల దగ్గర ఆమె పెన్సిలు విసిరేసి, "ఇవి ఎవడు పెట్టిండక్కా, దయ్యాలోలె కింద ఏలాడుతున్నయ్" అంటే ఇద్దరం నవ్వి నవ్వి ఆయాసపడ్డాం. ఆ వారాల్లో అసూయ పోయిందని చెప్పను. ఆమె ప్రార్థన మొదలుపెడితే అప్పటికీ లోపల ఎక్కడో చిన్నగా గుచ్చుకునేది. కాకపోతే, ఆమెకు గుణింతం వచ్చిందా లేదా అన్న ధ్యాస దానికంటే పెద్దదైంది.

దాదాపు ఏడాది పట్టింది. ఒక శుక్రవారం వచ్చీరాగానే రవికెలోంచి జాబు తీసింది. అలవాటుగా చేయి చాచాను. ఆమె ఇవ్వలేదు. "పడకగదిల కూసుంటనక్కా" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నేను బయట నిలబడ్డాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్న సణుగుడు వినిపిస్తోంది. మధ్యలో ఆగింది. మళ్ళీ మొదలైంది. కూతురు ఏం రాసిందో మాలో ఎవరికీ ముందుగా తెలియని జాబు అదే మొదటిది.

పావుగంటకు తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏం రాసిందని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. జాబు మడిచి మళ్ళీ రవికెలో దోపుకుని, "అన్నం ఉన్నదా అక్కా? ఆకలైతుంది" అంది.

ముందురోజు పప్పుచారు ఉంటే వేడిచేసి పెట్టాను. ఇద్దరం వంటింటి గచ్చు మీద కూర్చుని తిన్నాం. మిగతావాళ్ళు రావడానికి ఇంకా కాస్త సమయం ఉంది.