చెమటకు కరగని గొంగడి

నారాయణఖేడ్ అంగడిలో ఎవరైనా నాసిరకం సరుకు అంటగట్టబోతే "ఇది చెమటకు కరిగే గొంగడి" అంటారు. ఇప్పటి పిల్లలు దాన్ని పాత సామెత అనుకుంటున్నారు. అది సామెత కాదు, అబద్ధం. దాన్ని పుట్టించింది నేను. వృత్తికి దర్జీని. తప్పు కుట్టు పడిందని తెలిస్తే విప్పడం నాకు రోజూ ఉండే పనే. ఈ ఒక్క కుట్టు విప్పడానికి మాత్రం పద్దెనిమిదేళ్లు పట్టింది.

డెబ్బైల చివర్లో సంగతి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా హైస్కూల్లో చరిత్ర చెప్పే సారు ఒకాయన ఉండేవాడు. బడి వార్షికోత్సవం నాటకంలో సేనాపతి అట్ట కత్తి మొదటి దెబ్బకే అరటాకులా వంగిపోయి జనం పడి పడి నవ్వారు. ఆ నవ్వు సారుకు ముల్లులా గుచ్చుకుంది. తాలీంలో కర్రసాము నేర్చుకునే మా ఆరుగురిని పిలిచి చెప్పాడు:

"వచ్చే ఏడు అట్టలు లేవు, తగరపు కాగితాలు లేవు. ఆ కాలపు సిపాయి ఏం తొడుక్కున్నాడో అదే తొడుక్కుంటాం. ఎట్ల కొట్టుకున్నాడో అట్లే కొట్టుకుంటాం."

"ఆ కాలపోడు ఏం తొడుక్కున్నడో మనకెట్ల ఎరుక సారూ?" అన్నాడు మా బావ. బావ అంటే మా మేనమామ కొడుకు. లారీల మరమ్మతు షెడ్డులో పని చేసేవాడు. మా ఆరుగురిలో చెయ్యి బరువున్నవాడు వాడే.

సారు మమ్మల్ని సైకిళ్ల మీద నాగల్‌గిద్ద వైపు తీసుకుపోయాడు. అక్కడ ఒక కంది చేనులో వీరగల్లు ఉంది. ఎప్పుడో యుద్ధంలో చచ్చిపోయిన వీరుడి బొమ్మ చెక్కిన రాయి. ఒక చేత గుండ్రటి డాలు, ఇంకో చేత పొట్టి కత్తి, ఒంటి మీద మోకాళ్ల దాకా దిగిన అంగీ. పసుపు కుంకుమల కింద బొమ్మ సగం మునిగిపోయి ఉంది. సారు గీసుకుంటుంటే నేను టేపు తీసి వీరుడి ఛాతీ కొలిచాను. తొమ్మిది అంగుళాలు. చేను గలావిడ కలుపు తీయడం ఆపి వచ్చి, ఏం చేస్తున్నారని సగం కన్నడంలో అడిగింది.

"ఏన్ మాడ్తీరప్పా? దేవునికి అంగీ కుడతరా ఏంది?"

"అవునవ్వా," అన్నాడు బావ. "దేవుడు మా దర్జీకి కబురు పెట్టిండు."

కత్తులు తొందరగానే అయ్యాయి. పాత లారీ కమాన్ పట్టీలను కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొట్టాడు. అంచు రూపాయి బిళ్ల మందం, కొస గుండ్రం. తెగదు కానీ తగిలితే చుక్కలు కనబడతాయి. డాళ్లకు బర్రె తోలు నానబెట్టి, బోర్లించిన గంగాళం మీద పరిచి, చుట్టూ తాడు బిగించి ఎండబెట్టాం. ఎండాక గట్టిగానే ఉన్నాయి గానీ వాసన పోలేదు. సాధన చేసినన్ని రోజులూ ఊరి కుక్కలు మా వెంట సైన్యంలా నడిచాయి.

తెగనిది అంగీ సంగతే. రాతి మీద వీరుడి ఛాతీకి అడ్డంగా, నిలువుగా గీతలున్నాయి. అవి ఇనుప కడియాల కవచమని సారు. పక్కటెముకలని బావ: "పాపం, జీతమియ్యని రాజు కొలువుల సిపాయి సారూ." నా దుకాణం అరుగు మీద ఈ వాదన జరుగుతుంటే, అంగడికి గొంగళ్లు అమ్మవచ్చిన కురుమ తాత ఒకాయన నీడకు కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. సిర్గాపూర్ వైపు పల్లె ఆయనది. సారు చేతిలోని బొమ్మ వైపు మెడ చాచాడు.

"ఇనుమూ గాదు, ఎముకలూ గావు. గొంగడి కుట్లవి."

సారు నవ్వాడు. "గొంగడా? అట్లని ఏ పుస్తకంలోనూ లేదు."

"పుస్తకం రాసినోడు గొర్లు గాసిండా?" అన్నాడు తాత. "మా పెద్దలు నాలుగు పొరలేసి కుట్టి, చింతగింజల గంజి పట్టించేటోళ్లు. తోడేలు కరిస్తే పన్ను ఇరుగుతుండె. మనిషి కత్తెంత?"

సారు కాసేపు ఆలోచించి, తన పెద్ద నోట్‌బుక్కు తెరిచాడు. "కుట్టి చూద్దాం. పదిమంది ముందు పోరులో నిలబడిందా, ఈ రాతి గీతలు గొంగడి కుట్లేనని, ఆ సంగతి పట్టింది నువ్వేనని నీ పేరుతో రాస్తా."

"నా పేరు కితాబుల ఉంటదా?"

"ఉంటది."

తాత బీడీ పారేశాడు. వచ్చే వారం అంగడి దాకా ఆగకుండా, మర్నాడే నాలుగు గొంగళ్లు, మూట చింతగింజలు భుజాన వేసుకుని వచ్చాడు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, బెల్లపు పాకంలా ఉడికించాడు. నేను దబ్బనంతో పొరలు కలిపి గళ్లు గళ్లుగా కుట్టాను. ఒక్కో కుట్టుకు వేళ్లు వాచాయి. ఆయన కుంచెతో గంజి పట్టించడం, ఎండబెట్టడం, మళ్లీ పట్టించడం. అయిదో రోజుకు అంగీ తనంతట తాను నిలబడింది, లోపల మనిషి లేకుండానే.

దాన్ని తాతే ముందు తొడుక్కుని నా దుకాణం ముందు నిలబడ్డాడు. "కొట్టు బిడ్డా," అన్నాడు బావతో.

"వద్దు తాతా, సస్తవ్."

"నేను సస్తే నా గొర్లు నువ్వే కాయాలె. ఆ భయంతోనన్న నన్ను సావనియ్యవ్ గద, కొట్టు!"

బావ ఎడమ భుజం మీద కొట్టాడు. ధబ్ మంది. తాత కదల్లేదు. అగ్గిపెట్టె అడిగాడు. తర్వాత పిడికిలి మడిచి తన ఛాతీ మీద తానే తలుపు కొట్టినట్టు టక్ టక్ మని కొట్టుకున్నాడు. "గంజి అంటే గిది." అప్పటి నుంచి వచ్చినప్పుడల్లా అంగీ మీద అలా రెండు సార్లు తట్టి చూసి గాని కూర్చునేవాడు కాదు.

రాతి మీది వీరుడి వేషం నాది. నన్ను చంపే శత్రువు బావ. సారు పోరు మొత్తం లెక్కగా కూర్చాడు. తల మీద, మోకాలి మీద దెబ్బ లేదు. చివరి దెబ్బ మాత్రం నా ఎడమ భుజం మీద పూర్తి బలంతో పడాలి, మైదానం చివరి వరుసకు వినిపించాలి. అంగీ ఉంది కదా అని ఎవరికీ భయం లేదు.

ఇక్కడి నుంచి నా తప్పు. ఆ అంగీలో చేతులు పక్కకు దిగేవి కావు. ముక్కు దురద పెడితే బావను పిలవాలి. సాధన చూడవచ్చిన మా వాడ ఆడపిల్లల్లో ఒకామె, "దిష్టిబొమ్మ నడిచొస్తుంది చూడే!" అంది. మిగతావాళ్ల నవ్వు నేను పట్టించుకోలేదు. ఆమె నవ్వు పట్టించుకున్నాను. తర్వాత ఆమెనే పెళ్లి చేసుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

ప్రదర్శనకు ముందు రోజు అమ్మ చేనికి పోగానే గంగాళం నిండా నీళ్లు మరగబెట్టి, సోడా వేసి, అంగీని ముంచి బండకేసి ఉతికాను. కొంచెం మెత్తబడితే చాలనుకున్నాను. మొదటి ఉతుకుకు ఏమీ కాలేదు. రెండోసారి మరగబెట్టాను. మూడోసారికి గంజి వదిలింది. ఆ నీళ్లు కుడితి అనుకుని మా బర్రె మూతి పెట్టబోతే తరమాల్సి వచ్చింది. ఎండలో ఆరేసరికి అంగీ కుక్కపిల్ల వీపులా మెత్తగా ఉంది. తొడుక్కుని చేతులు గిరగిరా తిప్పాను. ఎంత సంబరమో!

మర్నాడు బడి మైదానం నిండిపోయింది. తాత కొత్త రుమాలు చుట్టుకుని వచ్చి, నన్ను చూడగానే పిడికిలి మడిచాడు. నేను పక్కకు తప్పుకున్నాను. "ఇప్పుడు కాదు తాతా, సారు పిలుస్తుండు." సారు పిలవలేదు.

సలామీ చేసి పోరు మొదలుపెట్టాం. నేను ఎగిరాను, తిరిగాను, డాలు మీద కత్తి మోగించాను. ఈలలే ఈలలు. నన్ను దిష్టిబొమ్మ అన్నామె ఇప్పుడు నవ్వడం లేదు, నోరు తెరుచుకుని చూస్తోంది. అప్పుడు బావ, అనుకున్న చోట, అనుకున్న బలంతో కొట్టాడు. ధబ్ మనలేదు. ఎండు కట్టె విరిగినట్టు చిన్న చప్పుడు. పడిపోయాను. జనం చప్పట్లు.

"బావా, నిజంగనే ఇరిగింది రా," అన్నాను.

"మస్తు చేస్తున్నవ్," అన్నాడు వాడు గొంతు తగ్గించి. "ఇగ కండ్లు మూసుకో, సచ్చినోడివి మాట్లాడొద్దు." అని నా చుట్టూ విజయయాత్ర చేశాడు.

మెడకూ భుజానికీ మధ్య ఎముక విరిగింది. కట్టు కట్టించుకుని ఇంట్లో పడుకున్న మూడో రోజు సారు, బావ, తాత కలిసి వచ్చారు. తాత నా మొహం చూడకముందే దండెం మీది అంగీ దగ్గరికి పోయి, తట్టాడు. చప్పుడు లేదు. చేత్తో పిసికాడు.

"గంజి యాడ వోయింది?"

అప్పుడు చెప్పేస్తే అయిపోయేది. వాకిట్లో అమ్మ ఉంది, ఆమెతో పాటు ఆ అమ్మాయి వాళ్ల అమ్మ పలకరించ వచ్చి ఉంది. దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను. నోట వచ్చిందల్లా ఇది: "చెమటకు కరిగింది తాతా."

"వానకు కరగనిది చెమటకు కరుగుతదా?" అన్నాడు తాత. నా మొహం మీదికి వంగాడు. నేను మూలిగాను, నొప్పి ఉన్నదానికన్నా ఎక్కువగా.

సారు నిట్టూర్చి నోట్‌బుక్కు తెరిచాడు. చెమటకు కరిగేదైతే ఏ సిపాయీ దాన్ని తొడుక్కుని ఉండడు కదా, అందులో ఆయన తప్పేమీ లేదు. నమ్మకంతో ముందే రాసి ఉంచిన ఒక వరుస మీద అడ్డంగా గీత కొట్టాడు. తాతకు చదువు రాదు. గీత కొట్టడం మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మాట అంగడికి పాకింది. తాతను చూడగానే "చెమటకు కరుగుతదా?" అని గొంగడి వాసన చూసేవాళ్లు. కొన్ని వారాలకు ఆయన నారాయణఖేడ్ రావడమే మానేశాడు. మరుసటి ఏడు సారు నూనె డబ్బాల రేకుతో కవచాలు చేయించాడు. నా వీపు మీద "శుద్ధమైన పల్లీనూనె" అని అచ్చు కనబడుతుండగా నేను రాజ్యాన్ని కాపాడాను. జనానికి అదే నచ్చింది. ఏటా అదే సాగింది.

ఇన్నేళ్లకు మొన్న సారు రిటైరయ్యాడు. నోట్‌బుక్కు తెచ్చి నా మిషన్ మీద పెట్టి, "మన పోరు కథ నువ్వే రాయి, దెబ్బ తిన్నవాడివి," అన్నాడు. తెరిస్తే ఆ కొట్టివేసిన వరుస. గీత కింద తాత పేరు స్పష్టంగా కనబడుతోంది. ఆ ఆదివారం బస్సెక్కి ఆయన పల్లెకు పోయాను.

తాత ముందు గదిలో ఉన్ని ఏకుతున్నాడు. ముసలివాడయ్యాడు కానీ చేతులు అవే. నిలబడే చెప్పేశాను, ఆగితే మళ్లీ చెప్పలేనని. ఆయన ఏకడం ఆపలేదు.

"సోడా ఏసినవా?"

"ఏసిన తాతా."

"ఉడుకు నీళ్లల్ల?"

"మరగబెట్టిన."

"ఎన్ని సార్లు ఉతికినవ్?"

"మూడు సార్లు."

అప్పుడు చేతులు ఆగాయి. "ఒక్కసారికి పోలేదా?"

"పోలే."

"రెండోసారికి?"

"కదల్లే."

మొహం వెలిగిపోయింది. లోపలికి కేకేశాడు: "ఓ ముసలీ, ఇన్నవా! నా గంజి మూడు సోడా ఉతుకులు తిన్నదట!" ఆ తర్వాత నా వైపు తిరిగాడు. వెలుగు పోయింది. "పద్దెనిమిదేండ్లు. గిది నా ఇంట్ల జెప్తే ఏం ఫాయిదా రా? మాట యాడ పాకిందో ఆడ జెప్పు. ఒట్టిగ గాదు, తొడుక్కొని జెప్పు."

మళ్లీ నాలుగు గొంగళ్లు, మళ్లీ దబ్బనం, మళ్లీ చింతగింజలు. ఈసారి గంజి ఆయన చెబుతుంటే నేను పట్టించాను. అంగడి రోజు మిట్టమధ్యాహ్నం తాత నన్ను నా దుకాణం ముందు ఎండలో గంటసేపు నిలబెట్టాడు, చెమట పట్టాలని. జనం పోగయ్యారు. నేను జరిగిందంతా చెప్పాను. సోడా, గంగాళం, బర్రెతో సహా. నా పెళ్లాం దిష్టిబొమ్మ మాట రాగానే లోపలికి పోయింది. బావ కమాన్ పట్టీ కత్తి పట్టుకుని వింటున్నాడు. కత్తి కొస నేలకు ఆనించి ముందుకొచ్చాడు.

"అంటే నేనే నీ ఎముక ఇరగ్గొట్టిన్నని మీ అమ్మ ఇన్నేండ్ల సంది నాకు పలుచని చారు పోసింది నీవల్లనా?"

"నావల్లనే బావా."

"తాతా, ఎంత గట్టిగ కొట్టాలె?"

"నీ ఇష్టం బిడ్డా."

బావ పద్దెనిమిదేళ్ల చారు కలిపి కొట్టాడు. ధబ్! నేను వెల్లకిలా కూలబడ్డాను. తడుముకున్నాను. ఎముక ఎక్కడిదక్కడే ఉంది. తాత వంగి, పిడికిలి మడిచి, ఛాతీ మీద టక్ టక్ మని తట్టాడు.

"చెమట పట్టిందా?"

"కారుతుంది తాతా."

"కరిగిందా?"

"కరగలే."

"అందరికి ఇనబడేటట్టు!"

"కరగలే!" అని అరిచాను. అంగడంతా గొల్లుమంది.

సారు జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. కొట్టివేసిన వరుస కింద అదే వరుసను మళ్లీ పూర్తిగా రాసి పైకి చదివాడు. తాత రెండోసారి చదివించుకున్నాడు. తన పేరు దగ్గర వేలు పెట్టించుకుని, ఆ చోటు గుర్తు పెట్టుకున్నాడు. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఉండాల్సిన చోట ఉంది.

నేను అంగీని దుకాణంలో తగిలించబోతే తాత ఆపాడు. "ఏంది, దండెం మీదేస్తవా? నాలుగు గొంగళ్లు రా అవి. వానాకాలం మీదికొస్తుంది. లడాయి అయిపోయింది గద, కుట్లు ఇప్పు."

కూర్చుని విప్పడం మొదలుపెట్టాను. గంజి పట్టిన కుట్లు ఒక పట్టాన రాలేదు. తాత ఎదురుగా కూర్చుని బీడీ వెలిగించి, నా దబ్బనం జారినప్పుడల్లా "గట్టిగున్నదా?" అని అడుగుతూనే ఉన్నాడు. గట్టిగానే ఉందని ప్రతిసారీ చెప్పాను.