పావు గ్లాసు బియ్యం ఎవరు తిన్నట్టు?

కొత్త మిక్సీ జార్‌లో నా పరువును నేనే వేసి, మూత పెట్టి, మీట నొక్కిన వైనం చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. కాకపోతే ఎవరెవరు నవ్వారో నేను గుర్తు పెట్టుకుంటాను. నాకదో జబ్బు. సూరత్‌లోని లింబాయత్‌లో ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే రాజన్న ఒకప్పుడు రెండు రూపాయల చిల్లరకు బదులు నా చేతిలో చాక్లెట్ పెట్టాడు. ఏళ్లు గడిచినా నేనది మరిచిపోలేదు.

కరోనా మొదటి ఏడు. లాక్‌డౌన్ సడలించిన కొత్తలో అమ్రోలిలోని మా ఇంట్లో మిక్సీ కాలిపోయింది. రాజన్నకు ఫోన్ చేశాను. జగిత్యాల వైపు నుంచి వచ్చి, ఏళ్ల తరబడి మగ్గాల మీద పనిచేసి పెట్టుకున్న దుకాణం ఆయనది. అప్పుడే మళ్లీ షట్టర్ ఎత్తాడు.

"అన్నీ కలిపి నాలుగువేల ఏడువందల ఇరవై సార్. మీరు బయటికి రాకున్రి, నేనే తెచ్చిస్త."

తాపీ నది దాటి స్కూటర్ మీద తెచ్చి, గేటు దగ్గర ఇచ్చి, మాస్కు వెనక నవ్వి వెళ్లాడు. మీరైతే దండం పెట్టేవారు. నేను కాలిక్యులేటర్ తీశాను.

పన్ను నూటికి పద్దెనిమిది. 4720లో పద్దెనిమిది శాతమంటే 849 రూపాయల అరవై పైసలు. బిల్లులో చూస్తే పన్ను 720! మిగతా 129 రూపాయల అరవై పైసలు ఏ జేబులోకి పోయినట్టు? చాక్లెట్ ఇచ్చిన చేతికి ఇదెంత పని?

వెంటనే ఫోన్ చేశాను. "రాజన్నా, నా దగ్గర ఎనిమిదివందల యాభై దాకా పన్ను లాగి, సర్కారుకు ఏడువందల ఇరవై చూపిస్తావా?"

"ఏంది సార్ గట్లంటరు? నాలుగువేల మీద నూటికి పద్దెనిమిది టకా, ఏడువందల ఇరవయ్యే గద."

"నేనిచ్చింది నాలుగువేలా? నాలుగువేల ఏడువందల ఇరవై!"

"అవ్ సార్, పన్ను గూడ అండ్లనే..."

"నాకు లెక్కలు చెప్పకు. నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని."

ఆ ఉద్యోగానికీ ఈ లెక్కకూ సంబంధమేమిటో నాకిప్పటికీ తెలియదు. సూరత్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో 'పన్ను దొంగ' అని శీర్షిక పెట్టి, పాత చాక్లెట్ సంగతితో సహా అంతా రాశాను. సాయంత్రానికి ఇద్దరు తమ ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. నేను యుద్ధం గెలిచినవాడిలా కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

రాజన్నే ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు. "సార్, మొన్ననే దుకాణం తెరిస్తి. దొంగ అన్నంక ఎవలొస్తరు? జర ఇంకోపారి లెక్క సూడున్రి."

"చూసేదేముంది? కాలిక్యులేటర్ అబద్ధమాడుతుందా?"

వంటింట్లో ఆ మిక్సీలోనే దోసెల పిండి రుబ్బుతున్న నా భార్య సరళ పిలిచింది.

"ఏవండీ, నాలుగు గ్లాసుల బియ్యానికి గ్లాసు మినప్పప్పు వేశాను. బియ్యానికి పప్పు ఎన్నో వంతు?"

"నాలుగో వంతు."

"రెండూ కలిపి ఎన్ని గ్లాసులు?"

"అయిదు."

"ఆ అయిదులోంచి నాలుగో వంతు పప్పని తీసేయండి. బియ్యమెంత?"

గాలిలో వేలితో లెక్క కట్టాను. "మూడు ముప్పావు."

"వేసింది నాలుగు కదా. ఆ పావు గ్లాసు బియ్యం నేను తిన్నానా, రాజన్న తిన్నాడా?"

నేను మళ్లీ కాలిక్యులేటర్ అందుకున్నాను.

"పన్ను వేసింది బియ్యం మీదండీ. మీరు పిండి మీద లెక్క కట్టారు. నూరుకు పద్దెనిమిది కలిస్తే నూట పద్దెనిమిది. మొత్తాన్ని దానితో భాగించి, నూరుతో హెచ్చించండి."

4720ని నూట పద్దెనిమిదితో భాగిస్తే నలభై. నూరు నలభైలు నాలుగువేలు. ఒక్క పైసా అయినా తేడా రాకపోతుందా అని ఆశగా మళ్లీ చేశాను. రాలేదు.

"ముందు ఆయనకు ఫోన్ చేయండి. దోసెలు ఆ తరవాతే," అంది సరళ.

ఆకలి నా చేత చాలా గొప్ప పనులు చేయించింది. ఇది అందులో ఒకటి.

"రాజన్నా, తప్పు నాదే. నువ్వు దొంగవి కాదు."

"గ్రూపుల తిట్టి చెవుల చెప్తే ఎట్ల సార్? గ్రూపులనే పెట్టున్రి."

పెట్టాను, పావు గ్లాసు బియ్యంతో సహా. గ్రూపంతా పడి పడి నవ్వింది. ఎవరెవరో నాకు గుర్తుంది. కానీ ఆ నవ్వుల వెనకే రద్దయిన ఆర్డర్లు తిరిగొచ్చాయి. హజీరా టౌన్‌షిప్‌లోని తెలుగువాళ్లు కూడా ఫ్యాన్లకు చెప్పి పంపారు. నన్ను చూసి నవ్వినవాళ్లకు నేను మనసులో దండం పెట్టుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

తరవాత ఒక రోజు రాజన్న మా గేటు దగ్గరికొచ్చాడు. దులిపేస్తాడేమోనని సిద్ధపడి దిగాను. ఆయన జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు.

"చాక్లెట్ ముచ్చట గ్రూపుల సదివిన సార్. గీ బాకీ తీస్కోన్రి."

నా కళ్లు చెమర్చాయి.

"గిది పన్ను కలిపేనా సార్," అన్నాడు గంభీరంగా, "ఇంకా మీద ఏమన్న ఇయ్యాల్నా?"

మిక్సీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. పద్దెనిమిది ఏ నూరు మీదో తేలకుండా ఈ జన్మలో ఇక ఎవరినీ దొంగ అనను. రాజన్న మంచితనానికి ఎంత చేసినా తక్కువే. ఆనాటి చాక్లెట్ నేను అప్పుడే, ఆయన దుకాణం మెట్లు దిగకముందే తినేశాను. ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పకండి.